కీమోలో ఉన్న అమ్మకు ఏ విటమిన్లు ఇవ్వాలి? సంచి నిండా తెచ్చిపెట్టారు, భయంగా ఉంది

చిత్తూరు చిన్నది:

అందరికీ నమస్తే. మాది చిత్తూరు పక్కన పల్లెటూరు. అమ్మకు 54 ఏళ్ళు. ఎడమ రొమ్ములో గడ్డ అని తేలి రెండు నెలల కిందట ఆపరేషన్ అయింది. రెండో స్టేజీ అన్నారు, హార్మోన్ పాజిటివ్ (ఒంట్లోని హార్మోన్‌తో పెరిగే రకమట), హెర్2 నెగెటివ్ (హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా లేని రకమట). ఇప్పుడు తిరుపతిలో కీమో నడుస్తోంది. ఎర్ర మందు అనే కీమో ఇంజెక్షన్ నాలుగు సార్లు, ఆ తర్వాత పాక్లిటాక్సెల్ అనే ఇంకో కీమో మందు వారం వారం పన్నెండు సార్లు అని చెప్పారు. ఎర్ర మందు రెండు అయిపోయాయి, మూడోది వచ్చే గురువారం.

నేను అడగాలనుకున్నది మందుల గురించి కాదు, తిండి గురించి, విటమిన్ల గురించి. చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఏదో ఒక డబ్బా చేతిలో పెట్టి పోతున్నారు. ఈ పొద్దు ఆ సంచి విప్పి మంచం మీద పరిచాను. విటమిన్ సి వెయ్యి మిల్లీగ్రాముల మాత్రలు, విటమిన్ ఇ క్యాప్సూల్స్, యాంటీ ఆక్సిడెంట్ అని పెద్దగా రాసిన డబ్బా, పసుపు సారంలో మిరియాల సారం కలిపిన క్యాప్సూల్స్, విటమిన్ డి 60,000 యూనిట్ల సాషేలు, బి కాంప్లెక్స్, జుట్టు తొందరగా వస్తుందని బయోటిన్, ఇవన్నీ కాక లక్ష్మణ ఫలం ఆకుల పొడి. ఆ పొడి ఒక్కటే నెలకు 4,800 రూపాయలు. ఇంతవరకు అమ్మ వీటిలో బి కాంప్లెక్స్, విటమిన్ సి మాత్రమే వేసుకుంది, అదీ అప్పుడప్పుడు.

ఇంకో పక్క పథ్యం. మా చిన్నమ్మ మంచి మనసుతోనే చెబుతుంది, ఆమె వచ్చి వండి పెట్టకపోతే మాకు గడిచేది కాదు, కానీ గుడ్డు వేడి అంటుంది, పెరుగు తింటే కుట్లు చీము పడతాయంటుంది, చెనిక్కాయలు పైత్యం అంటుంది, చక్కెర, బెల్లం తగిలితే గడ్డ మళ్ళీ పెరుగుతుందంటుంది. ఇక మిగిలింది ఏమిటి? చారన్నం, ఇడ్లీ, బీరకాయ. ఆపరేషన్‌కు ముందు 58 కిలోలు ఉన్న అమ్మ ఇప్పుడు 53. పోయిన ఆదివారం గిన్నెలు కడుగుతుంటే చేతి గాజులు వాటంతట అవే జారిపోతున్నాయని లోపలి వైపు దారం చుట్టుకుంది. అది చూసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

డాక్టరు గారిని అడిగితే "అన్నీ తినొచ్చమ్మా" అన్నారు. ఓపీలో వెనక అరవై మంది ఉన్నారు, ఇంకో మాట అడిగే వీలు లేదు. అన్నీ అంటే ఏవేవి? ఈ మాత్రల్లో ఏవి వేయాలి, ఏవి ఆపాలి? ఇంకొక మాట కూడా. రాత్రి అమ్మ నన్ను అడిగింది, "నేను సరిగ్గా తినక, ఒంట్లో విటమిన్లు లేకనే ఇది వచ్చిందా పాపా" అని. ఏం చెప్పాలో తెలియక లైటు తీసేశాను.

అలిపిరి అక్క:

చెల్లీ, నీ పోస్టు చదివి నా పాత రోజులు కళ్ళ ముందుకొచ్చాయి. నాకు 2018లో వచ్చింది, కుడి పక్క. అవే మందులు, అదే వరుస. అప్పుడు నాకు 47. ఇప్పుడు ఇంటి పనులన్నీ చేసుకుంటున్నాను, పొద్దున నడక కూడా వదలను.

మా ఇంట్లో పథ్యం పెట్టింది మా అత్తమ్మ. ఆమెది ప్రేమే, కానీ ఆ ప్రేమతో నేను ఎండిపోయాను. బాలింతకు పెట్టిన పథ్యమే నాకూ పెట్టింది. మూడో కీమోకు వెళ్తే హిమోగ్లోబిన్ 8కి దిగింది, తెల్ల కణాలు తక్కువగా ఉన్నాయని వెనక్కి పంపారు. వారం ఆగి వెళ్తే మళ్ళీ పంపారు. కణాలు తగ్గడం మందు వల్లే, తిండి వల్ల కాదని తర్వాత చెప్పారు, కానీ మనిషిలో శక్తి లేకపోవడం మాత్రం తిండి లేకనే. ఆ రోజు అక్కడి డైటీషియన్ నన్ను కూర్చోబెట్టి, "నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా నోట్లో పెట్టిన ప్రతిదీ చెప్పు" అంది. చెప్పాను. ఆ అమ్మాయి రాసుకుని, లెక్క కట్టి, కాగితం మా ఆయన చేతికిచ్చి, "ఈమె రోజుకు ముప్పై గ్రాముల ప్రొటీన్ కూడా తినడం లేదు, ఆపరేషన్ గాయం దేనితో మానుతుంది, పోయిన రక్తం దేనితో పడుతుంది" అని అడిగింది. ఆ సాయంత్రమే మా ఆయన డజను గుడ్లు తెచ్చి అత్తమ్మ ముందే ఉడకబెట్టాడు.

నువ్వు అడిగావు కదా అన్నీ అంటే ఏమిటని. మన చిత్తూరు జిల్లా తిండే చెల్లీ, వేరే ఏమీ అక్కర్లేదు. పొద్దున రాగి జావలో మజ్జిగ పోసి, లేదంటే పాలు కలిపి. మధ్యాహ్నం సంగటి ముద్ద, దాంట్లోకి పప్పు బాగా ఎనిపి, ఒక చెంచా నెయ్యి. ఊరిబిండి (చెనిక్కాయల కారం పచ్చడి) నాకు ప్రాణం, కానీ నోరు పూసిన రోజుల్లో మిరపకాయ తగిలితే నిప్పు పెట్టినట్టుండేది, అందుకని వేయించిన చెనిక్కాయల్లో కాస్త బెల్లం, ఉప్పురాయి వేసి మెత్తగా పొడి కొట్టి అన్నంలో కలుపుకునేదాన్ని. చలికాలం వస్తే పితికిపప్పు. మధ్యలో ఉడికిన గుడ్డు. రాత్రి పెరుగన్నం మెత్తగా పిసికి, చల్లగా. వేడివేడి అన్నం వాసనకే నాకు వాంతి వచ్చేది, అదే అన్నం చల్లారాక తినగలిగేదాన్ని, ఈ సంగతి తెలిసేసరికి నాకు రెండు కీమోలు అయిపోయాయి. స్టీలు చెంచా పెడితే నోట్లో ఇనుము నాకినట్టుండేది, ప్లాస్టిక్ చెంచా మార్చాక తగ్గింది. తినే ముందు ఉప్పు, వంట సోడా వేసిన నీళ్ళు పుక్కిలించు అని చెప్పు.

మూడు పూటలా కంచం నిండా పెట్టొద్దు. రెండు గంటలకోసారి గుప్పెడు. కంచం చూస్తేనే భయం వేస్తుంది ఆ రోజుల్లో, చిన్న గిన్నెలో పెడితే ఖాళీ చేశామన్న ధైర్యం వస్తుంది.

మాత్రల సంగతి నేను చెప్పను, తెలిసినవాళ్ళు చెబితే బాగుంటుంది. నాకైతే డాక్టరు రాసినవి తప్ప వేరే వేయనివ్వలేదు.

వార్డు నర్సమ్మ:

నేను తిరుపతిలో క్యాన్సర్ వార్డులో 14 ఏళ్ళుగా పని చేస్తున్నాను. పాపా, ముందు అమ్మ అడిగిన మాటకు జవాబు చెబుతాను, మిగతావన్నీ దాని తర్వాతే.

విటమిన్ లేక రాలేదు, సరిగ్గా తినక రాలేదు. ఇది అమ్మకు అలాగే చెప్పు, ఈ రాత్రే చెప్పు. 2022 లెక్క ప్రకారం మన దేశంలో ఒక్క ఏడాదిలో లక్షా 92 వేల మంది ఆడవాళ్ళకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడింది. వాళ్ళలో పాలు, పండ్లు, గుడ్లు ఏ లోటూ లేకుండా తిన్నవాళ్ళు ఉన్నారు, మా వార్డులోనే ఎంతమందిని చూశానో. వయసు, వంశం, నెలసరి ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగింది, మెనోపాజ్ తర్వాత ఒంట్లో కొవ్వు పెరగడం, మద్యం, ఇలాంటివి ముప్పును పెంచుతాయి. ఇన్ని కలిసిన దాంట్లో ఒక మనిషికి ఎందుకు వచ్చిందో వేలు పెట్టి చూపించలేం, తప్పు అసలే కాదు.

విటమిన్ డి గురించి ఈ మాట ఎక్కువగా నడుస్తుంది, ఎందుకంటే డి తక్కువగా ఉన్నవాళ్ళలో క్యాన్సర్లు ఎక్కువ కనిపించాయని పాత అధ్యయనాలు చెప్పాయి. సరే, ఇస్తే ఆగుతుందా అని అమెరికాలో 25,871 మందిని తీసుకుని, సగం మందికి రోజూ 2,000 యూనిట్ల డి3, సగం మందికి మందు లేని ఉత్తి మాత్ర, ఐదేళ్ళకు పైగా ఇచ్చి చూశారు. వైటల్ అంటారు దాన్ని, 2018 చివర్లో ఫలితం వచ్చింది. క్యాన్సర్ రావడంలో రెండు గుంపులకూ తేడా లేదు, రొమ్ము క్యాన్సర్‌లోనూ లేదు. అంటే డి పనికిరాదని కాదు. అమ్మకు నెలసరి ఆగిపోయి ఉంటే కీమో తర్వాత లెట్రోజోల్ లాంటి హార్మోన్ మాత్ర ఐదేళ్ళో ఆ పైనో రాస్తారు, అది ఎముకల్ని పలచన చేస్తుంది. అప్పుడు డి, కాల్షియం రెండూ కావాలి, ఎముకల స్కాన్ కూడా తీయిస్తారు. కాబట్టి ఆ సాషేలను పారేయొద్దు, రక్తంలో డి ఎంత ఉందో చూసి డాక్టరు చెప్పిన లెక్కలో వేయాలి.

ఇక విటమిన్ సి, ఇ, ఆ యాంటీ ఆక్సిడెంట్ డబ్బా. ఇవి కీమో నడుస్తున్నన్ని రోజులు పక్కన పెట్టేయి. కారణం వినిపించి చిన్నమ్మకు కూడా చెప్పు. కొన్ని కీమో మందులు, రేడియేషన్ క్యాన్సర్ కణాన్ని దెబ్బ తీసే దారుల్లో ఫ్రీ రాడికల్స్, అంటే కణాన్ని లోపల కాల్చేసే చురుకైన అణువులు, ఒకటి. యాంటీ ఆక్సిడెంట్ పని ఆ ఫ్రీ రాడికల్స్‌ని ఆర్పడం. మనం ఒక చేత్తో నిప్పు పెట్టి ఇంకో చేత్తో నీళ్ళు పోస్తే ఎలా? ఇది ఉత్తి ఊహ కాదు. రొమ్ము క్యాన్సర్‌కు కీమో తీసుకున్న 1,134 మందిని అడిగి తెలుసుకున్న ఒక అమెరికా అధ్యయనం 2019 డిసెంబరులో వచ్చింది. కీమోకు ముందూ, కీమో జరుగుతుండగా కూడా యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు వేసుకున్నవాళ్ళలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. బి12 మాత్రలు, ఐరన్ మాత్రలు వేసుకున్నవాళ్ళలోనూ అదే ధోరణి. మాత్రల వల్లే అని తేల్చి చెప్పే రకం అధ్యయనం కాదది, కానీ మేలు కనపడని చోట ఈ మాత్రం అనుమానం చాలు, నేనైతే మా అమ్మకు వేయను. పొగ తాగే మగవాళ్ళు 29,133 మంది మీద ఫిన్లాండ్‌లో చేసిన పరీక్ష ఫలితం 1994లో వచ్చింది, క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్‌ని, ఇదీ యాంటీ ఆక్సిడెంటే, మాత్రగా ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. క్యారెట్ తింటే ఏమీ కాదు, మాత్రలో గుప్పించి ఇస్తే కథ వేరు. అందుకే నిమ్మకాయ, జామ, ఉసిరి తిండిలో తినమంటాం, వెయ్యి మిల్లీగ్రాముల మాత్ర వద్దంటాం.

బి కాంప్లెక్స్ దగ్గర ఒక సంగతి చెప్పాలనిపిస్తోంది, మనవాడి కథ కాబట్టి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే ల్యాబ్‌లో పని చేస్తూ, ఆయన బృందంతో 1945లో ఫోలిక్ ఆసిడ్‌ను ల్యాబ్‌లో తయారు చేశారు. అది కూడా బి విటమినే. రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఆ రకం పదార్థాలు ఇస్తే జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకున్నట్టు బోస్టన్‌లో ఫార్బర్ అనే డాక్టరు గమనించాడు. వేగంగా విడిపోయే కణానికి ఫోలేట్ (ఫోలిక్ ఆసిడ్ జాతి విటమిన్) కావాలి, దానికి అందకుండా చేస్తే? ఫోలిక్ ఆసిడ్ వేషం వేసుకుని కణాన్ని మోసం చేసే మందుల్ని సుబ్బారావు గారి బృందమే తయారు చేసి ఇచ్చింది. మొదటిది అమినోప్టెరిన్, ఆ వెనకే మెథోట్రెక్సేట్. 1948లో పిల్లల్లో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గడం లోకానికి తెలిసింది, అదే ఏడాది ఆయన కన్నుమూశారు. ఆ మెథోట్రెక్సేట్‌ని తర్వాత ఎన్నో ఏళ్ళు రొమ్ము క్యాన్సర్ కీమోలో వాడారు. విటమిన్ అంటే ఎప్పుడూ బలమే, ఎంత వేసినా మంచిదే అనుకుంటాం కదా, ఒక విటమిన్‌ను అడ్డుకోవడమే మందైన సందర్భం ఇది. ఇప్పటికీ కేపసిటబైన్ అనే కీమో మాత్రలు వాడేవాళ్ళు సొంతంగా ఫోలిక్ ఆసిడ్ వేసుకుంటే విరేచనాలు, అరచేతులు అరికాళ్ళు మండటం ఎక్కువవుతాయి. అందుకే బి కాంప్లెక్స్ కూడా "ఇదేముంది లే" అని వేయకూడదు. పరీక్షలో బి12 నిజంగా తక్కువగా ఉంటే డాక్టరే ఇస్తారు, అది వేరు.

పసుపు క్యాప్సూల్స్ ఆపేయి. కూరలో పసుపు ఎంతైనా వేసుకోండి, అది తరతరాల తిండి. క్యాప్సూల్‌లో ఉండేది కూరలో వేసే చిటికెడు కాదు, దాంట్లో మిరియాల సారం కలపడమే ఒంట్లోకి ఎక్కువ ఎక్కాలని. దానివల్ల లివర్ దెబ్బతిన్న కేసులు ఉన్నాయి, టామోక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర వాడేవాళ్ళలో ఆ మందు పని చేసే రూపం రక్తంలో తగ్గుతుందని కూడా చూశారు.

చక్కెర గురించి చిన్నమ్మకు మెల్లగా చెప్పు. ఒంట్లో ప్రతి కణం గ్లూకోజ్ వాడుతుంది, గుండె, మెదడు అన్నీ. మనం బెల్లం మానేస్తే గడ్డ ఒక్కటే పస్తు ఉండదు, ఒళ్ళు తన కండను కరిగించి గ్లూకోజ్ చేసుకుంటుంది. అమ్మ గాజులకు దారం చుట్టుకోవడానికి కారణం ఆ కండ పోవడమే. షుగరు జబ్బు ఉంటే మాత్రం జాగ్రత్త తప్పదు, కీమోకు ముందు ఇచ్చే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ వల్ల షుగరు పైకి పోతుంది.

ఎంత తినాలో లెక్క కావాలంటే, ఈ దశలో కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ అనుకో. 53 కిలోలకు 64 నుంచి 80 గ్రాములు. రెండు గుడ్లు 12 గ్రాములు, పాలు పెరుగు కలిపి రెండు గ్లాసులు 13, పచ్చి కందిపప్పు గుప్పెడున్నర అంటే 60 గ్రాములు వండితే 13, చెనిక్కాయలు 50 గ్రాములు 12, సంగటికి రాగిపిండి వంద గ్రాములు 7, అన్నం, ఇడ్లీలో ఇంకో పది. వచ్చేసింది చూడు, ఏ డబ్బా పొడీ కొనకుండా. ఆ రాగిపిండిలోనే 360 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంది, అమ్మ వయసుకు రోజుకు కావాల్సింది 1,200. చెనిక్కాయలు మాత్రం ముడతలు పడినవి, బూజు వాసన వచ్చేవి ఏరి పారేయి, ఆ బూజులో విషం ఉంటుంది.

సోయా తింటే హార్మోన్ పెరుగుతుందని చాలామంది మీల్ మేకర్ ముట్టరు. చైనాలో షాంఘై నగరంలో 5,042 మంది రొమ్ము క్యాన్సర్ ఆడవాళ్ళను గమనిస్తే సోయా తిండి బాగా తిన్నవాళ్ళలోనే జబ్బు తిరగబెట్టడం తక్కువగా ఉంది, 2009లో వచ్చింది. తిండిగా అయితే పరవాలేదు, సోయా మాత్రలు వద్దు.

ఇది మాత్రం ఎక్కడైనా రాసి గోడకు అంటించు. కీమో ఎక్కిన వారం తర్వాత నుంచి రెండో వారం దాకా తెల్ల కణాలు బాగా పడిపోతాయి. అప్పుడు పచ్చి రసాలు, గోధుమ గడ్డి రసం, మొలకెత్తిన గింజలు పచ్చివి, బయట కోసి అమ్మే పండ్లు, సగం ఉడికిన గుడ్డు వద్దు. ఇంట్లో తోడు పెట్టిన తాజా పెరుగు, పూర్తిగా ఉడికిన గుడ్డు, మనం కడిగి తొక్క తీసిన పండు పరవాలేదు. జ్వరం 100.4 దాటితే మాత్ర వేసి తెల్లారే దాకా చూడొద్దు, అర్ధరాత్రైనా బండి ఎక్కించి ఆసుపత్రికి తీసుకురండి.

పుత్తూరు అబ్బాయి:

నర్సు గారు డి సాషేల గురించి "లెక్కలో" అన్నారు, ఆ మాట ఎంత ముఖ్యమో మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా అమ్మకు పోయిన ఏడాది లెట్రోజోల్ మొదలుపెట్టారు. 60,000 యూనిట్ల సాషే వారానికి ఒకటి అని చీటీలో రాసింది. మందుల షాపులో అడిగితే "రోజూ పాలలో వేసి తాగించండి" అన్నారు. చీటీ ఇంగ్లీషులో ఉంది, అమ్మకు చదవడం రాదు, నేను బెంగళూరులో ఉద్యోగంలో ఉన్నాను. అయిదు వారాలు రోజూ తాగింది. మొదట మలబద్ధకం, తర్వాత వాంతులు, దాహం, పిచ్చి మాటలు. జబ్బు మెదడుకు పాకిందేమో అని మేమందరం ఏడ్చాం. పరీక్ష చేస్తే రక్తంలో కాల్షియం 13 దాటింది, ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ. నాలుగు రోజులు సెలైన్ మీద ఉండి తేరుకుంది. అప్పటి నుంచి క్యాలెండర్‌లో ప్రతి ఆదివారానికి నేనే ఎర్ర పెన్నుతో "డి" అని రాసి పెట్టి వస్తున్నాను.

ఇంకోటి, పాక్లిటాక్సెల్ మొదలయ్యాక వేళ్ళు తిమ్మిర్లు ఎక్కుతాయి. నరాల బలానికి అని షాపుల్లో అమ్మే మాత్రలు కొన్నింటిలో అసిటైల్ ఎల్ కార్నిటైన్ ఉంటుంది. డబ్బా వెనక చూడండి. రొమ్ము క్యాన్సర్ ఆడవాళ్ళ మీద పరీక్షిస్తే తిమ్మిర్లు తగ్గకపోగా ఎక్కువయ్యాయి, 2013లో వచ్చిన ఫలితం అది. తిమ్మిరి మొదలైతే మాత్ర కొనకుండా డాక్టరుకు చెప్పండి, మోతాదు సర్దుతారు.

బయోటిన్ కూడా. పెద్ద మోతాదులో వేసుకుంటే రక్తపరీక్షల్లో థైరాయిడ్, హార్మోన్ అంకెలు తప్పుగా వస్తాయి. మీ అమ్మది హార్మోన్ పాజిటివ్ కాబట్టి ఆ అంకెలు చూసి నిర్ణయాలు తీసుకుంటారు. జుట్టు ఎలాగూ కీమో అయిపోయాక అదే వస్తుంది.

పలమనేరు రైతు:

అందరూ మాత్రల గురించి బాగా చెప్పారు, కాదనను. కానీ లక్ష్మణ ఫలాన్ని ఒక్క మాటలో కొట్టిపారేయొద్దు. మా పెద్దమ్మకు ఇదే జబ్బు, ఆకు కషాయం తాగింది, ఆరేళ్ళు దాటింది, ఇప్పటికీ ఆవులకు గడ్డి కోస్తుంది. ఆపరేషన్ కూడా అయింది, ఏదో తెల్ల మాత్ర రోజూ వేస్తుంది, అయినా ఆ కషాయం వల్లే నిలబడ్డానని ఆమె నమ్మకం. నమ్మకం కూడా మందే కదా.

వార్డు నర్సమ్మ:

అన్నా, మీ పెద్దమ్మ బాగుండటం నిజంగా సంతోషం, ఇంకా ఇరవై ఏళ్ళు అలాగే గడ్డి కోయాలి. మీరే రాశారు చూడండి, ఆపరేషన్ అయింది, రోజూ తెల్ల మాత్ర వేస్తోంది అని. గడ్డను తీసింది ఆపరేషన్. తిరిగి రాకుండా కాపలా కాస్తున్నది ఆ హార్మోన్ మాత్ర అయి ఉంటుంది. దయచేసి ఆమె ఆ మాత్ర ఆపకుండా చూడండి.

లక్ష్మణ ఫలం సారం ల్యాబ్‌లో గాజు గిన్నెలోని క్యాన్సర్ కణాల్ని చంపుతుంది, అది నిజమే. మనుషుల్లో రొమ్ము క్యాన్సర్ తగ్గిస్తుందని చూపిన పరీక్ష లేదు. పైగా ఆ జాతి పండ్లు, ఆకు టీ ఎక్కువగా వాడే కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో, మామూలు మందులకు లొంగని ఒక రకం వణుకుడు జబ్బు ఎక్కువగా కనిపిస్తోందని 1999లో రాశారు, దాంట్లో ఉండే అనోనాసిన్ అనే పదార్థం మెదడు కణాలకు చేటు చేస్తుందని అనుమానం. పండు ఒకటి రెండు ముక్కలు ఎప్పుడైనా తింటే భయపడక్కర్లేదు. రోజూ కషాయం, నెలల తరబడి, కీమోతో కలిపి వద్దంటున్నాను.

నమ్మకం గురించి మీరన్నది నాకు అర్థమవుతుంది. వార్డులో ఎంతోమంది దిండు కింద స్వామి ఫోటో పెట్టుకుంటారు, ఎవరం తీయించం. ఒక్కటే, కడుపులోకి పోయే ఏదైనా సరే డాక్టరుకు తెలియాలి. తిడతారని దాచేవాళ్ళే ఎక్కువ, దాచిన పొడి వల్ల లివర్ అంకెలు పెరిగితే కీమో వల్ల అనుకుని మోతాదు తగ్గిస్తాం, అప్పుడు నష్టం ఎవరికి?

చిత్తూరు చిన్నది:

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. గురువారం కీమో అయింది. మీరందరూ చెప్పినట్టు సంచి మొత్తం పట్టుకెళ్ళాను. ముందు రోజు రాత్రే ఒక తెల్లకాగితం మీద ప్రతి డబ్బా పేరు, అందులో ఏముందో, ఇంతవరకు ఎన్ని వేసుకుందో రాసి పెట్టాను, అది చూసి డాక్టరు గారు ఈసారి కూర్చోమన్నారు. పెన్ను తీసుకుని సి, ఇ, యాంటీ ఆక్సిడెంట్, పసుపు క్యాప్సూల్స్, ఆకుల పొడి, బయోటిన్ అన్నీ ఒక్కొక్కటిగా కొట్టేశారు. బి కాంప్లెక్స్ ఆపి బి12, డి, ఐరన్ పరీక్షలకు రాశారు. నిన్న ఫలితం వచ్చింది, డి 11 ఉంది, తక్కువే, సాషే వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు అన్నారు. పుత్తూరు అన్నా, నేనూ క్యాలెండర్‌లో రాసేశాను.

చిన్నమ్మను నాతోపాటు తీసుకెళ్ళాను. డైటీషియన్ దగ్గర ఆమెనే ముందు కూర్చోబెట్టి, "మీరే కదా వండేది, మీకే చెప్పాలి" అంటే ఆమె ముఖం వెలిగింది. ఇంటికొచ్చాక గుడ్డు వేడి అన్న మాట మళ్ళీ రాలేదు. నిన్న మధ్యాహ్నం తనే సంగటి కెలికి, ముద్దలు చిన్నవి చేసి, పప్పు ఎనిపి పెట్టింది. అమ్మ రెండు ముద్దలు తింది. మూడోది సగం తిని చాలన్నది. ఈ పొద్దు బరువు చూస్తే 53.4.

అమ్మకు ఆ మాట కూడా చెప్పాను నర్సమ్మా, నువ్వు తినక రాలేదని. ఏమీ అనలేదు. కాసేపటికి లేచి, తిరుమలకు మెట్లదారిన ఎప్పుడు పోవచ్చో డాక్టరును అడిగావా అన్నది. నేను అడగలేదు, ఆ జనంలో కణాలు తక్కువున్నప్పుడు వద్దని మాత్రం చెప్పాను.

అలిపిరి అక్కా, నోరు పూయడం నిన్న రాత్రి నుంచి మొదలైంది. మీరు చెప్పిన చెనిక్కాయల పొడి చేశాను కానీ పలుకులు గుచ్చుకుంటున్నాయంటోంది, ఏం చేయాలి?

అలిపిరి అక్క:

పొడి వద్దులే ఈ నాలుగు రోజులు. వేయించి పొట్టు తీసిన చెనిక్కాయలు రెండు గంటలు నీళ్ళలో నానబెట్టి, మిక్సీలో వెన్నలా మెత్తగా రుబ్బు. రాగి జావ కాచేటప్పుడు చివర్లో రెండు గరిటెలు వేసి ఒక ఉడుకు రానిచ్చి, పూర్తిగా చల్లారాక పాలు కలిపి ఇవ్వు. మింగడం కష్టమైతే లావుపాటి స్ట్రా పెట్టు. పుండ్లు ఎక్కువై నీళ్ళు కూడా దిగకపోతే ఫోన్ చేసి చెప్పు, నోటికి పూసే జెల్ రాస్తారు.

మెట్లదారి నేను కీమో అయిన పదకొండో నెలలో ఎక్కాను, గాలిగోపురం దాకా రెండు గంటలు పట్టింది. అమ్మకు డాక్టరు సరే అన్న రోజు నాకు చెప్పు, అలిపిరి దగ్గర నుంచి నేనూ వస్తాను.